ఏడు, రెండు నిజముగా అధమమా? – పోకరు పట్టికలపై ఒక విమర్శ

సంభావ్యతా గణితము జూదపు బల్లవద్ద పుట్టినది. ఫ్రాన్సు దేశములో షెవాలియే ద మేరే అను జూదప్రియుడు వేసిన ప్రశ్నలు పాస్కలునకు చేరగా, 1654లో ఆయనకును ఫెర్మాకును నడిచిన ఉత్తర ప్రత్యుత్తరములే ఈ శాస్త్రమునకు నాంది అని చెప్పుదురు. ఆ జన్మసంబంధము ఇంకను తెగలేదు. నేటికిని పేకముక్కలను సాకుగా పెట్టుకొని అనేక గ్రంథములు సంభావ్యతను బోధించుచున్నవి. అట్టి గ్రంథములలో మిక్కిలి ప్రచారము పొందినది పోకరు ఆటలోని “ప్రారంభపు చేతుల పట్టిక”. ఏ ముక్కలు వచ్చినచో ఆడవలెను, ఏ ముక్కలు వచ్చినచో విడిచిపెట్టవలెను అని ఒక్క పుటలో చెప్పు పట్టిక ఇది. ఇప్పుడు ఇది మన విద్యార్థుల ఫోనులలోనికి కూడ వచ్చినది. పైకి గణితమువలె కనిపించు ఈ పట్టికలో గణితమెంత, గుడ్డినమ్మకమెంత అని పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆట నేర్పుట మన ఉద్దేశము కాదు.

ముందు ఆట స్వరూపము కొంత తెలియవలెను. అమెరికాలో పుట్టి, నేడు పోకరు ఆటలన్నిటిలో ఎక్కువగా ఆడబడునది “టెక్సాస్ హోల్డెమ్”. 52 ముక్కల పేకనుండి ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యముగా పంచుదురు. తరువాత బల్లమీద అందరికిని ఉమ్మడిగా మొదట మూడు, ఆపై ఒకటి, చివర మరొకటి, మొత్తము ఐదు ముక్కలు తెరచి పెట్టుదురు. తన రెండు, బల్లమీది ఐదు, మొత్తము ఏడింటిలో మేలైన ఐదు ముక్కలను ఎన్నుకొని పోల్చుకొనవలెను. జంట, రెండు జంటలు, ఒకే అంకెవి మూడు, వరుసగా ఐదు, ఒకే జాతివి ఐదు, ఇట్లు విలువ పెరుగును. ప్రతి దశయందును పందెము ఉండును. పందెమునకు సిద్ధపడనివాడు తన ముక్కలను పారవేసి, అంతవరకు వేసినది వదలుకొని తప్పుకొనవచ్చును. మన మూడుముక్కలాటలో “ప్యాక్” అనునది ఇదియే.

రెండు ముక్కలు ఎన్ని విధములుగా రావచ్చును? 52 ముక్కలనుండి రెండింటిని 1326 విధములుగా తీయవచ్చును. ఏ జాతి అను భేదమును పక్కనపెట్టి, ఒకే జాతివా కావా అనుదానిని మాత్రము లెక్కించినచో 169 రకములు మిగులును. వీనిలో జంటలు 13, ఒకే జాతివి 78, వేర్వేరు జాతులవి 78. అయితే ఈ 169 రకములు సమాన సంభావ్యత గలవి కావు. ఒక్కొక్క జంట 6 విధములుగా, ఒకే జాతి రకము 4 విధములుగా, వేర్వేరు జాతుల రకము 12 విధములుగా వచ్చును. 78 + 312 + 936 = 1326. లెక్క సరిపోయినది. ఏదో ఒక జంట వచ్చుట 17 సార్లకు ఒకసారి, రెండు ఆసులే వచ్చుట 221 సార్లకు ఒకసారి.

ఈ 169 రకములను బలమునుబట్టి తరగతులుగా విభజించి 1976లో పుస్తకములో ప్రకటించినవాడు డేవిడ్ స్క్లాన్‌స్కీ. ఆడదగిన చేతులను ఆయన ఎనిమిది తరగతులుగా ఏర్పరచినాడు. ఆ తరగతులలో చేరనివి సాధారణముగా పారవేయదగినవి. ఈ పని గొప్పదనమును ముందుగా ఒప్పుకొనవలెను. అంతవరకు “నా మనసుకు తోచినది” అని ఆడువారికి క్రమబద్ధమైన ఆలోచనను చూపినది ఈ పట్టిక. కొత్తవాడు చేయు ప్రధానమైన తప్పు ప్రతి చేతిని ఆడబోవుటయే. జంటకాని రెండు ముక్కలు పట్టినవానికి బల్లమీది మొదటి మూడు ముక్కలలో తనదానితో జతకూడునది ఒక్కటియైన వచ్చు సంభావ్యత నూటికి 32 మాత్రమే. మూడింట రెండు వంతులు ఏమియు కుదరదు. ఈ సంగతి తెలియక ఆశతో పందెములు కట్టువానికి ఓర్పు నేర్పినందుకు పట్టిక మెచ్చదగినదే.

కాని ఆయన పట్టికతోపాటు చెప్పిన వివరణలను వదలిపెట్టి, పట్టికను మాత్రము ఎత్తి వ్రాసినవారే ఎక్కువ. కూర్చున్న స్థానమునుబట్టి ఎంపిక మారవలెనని ఆయనే చెప్పినాడు. నకళ్లలో ఆ మాట జారిపోయినది. మిగిలినది మంచి, చెడు అను రెండు రంగుల గళ్ల కాగితము. నా విమర్శ ప్రధానముగా ఈ నకళ్లమీద. ఇందులో నాలుగు లోపములు కనిపించుచున్నవి.

మొదటి లోపము: “దేనితో పోల్చి?” అని అడుగకుండ అధమమని తీర్పు చెప్పుట. వేర్వేరు జాతుల ఏడు, రెండు అన్నిటికంటె హీనమైన చేయి అని ప్రతి పట్టికయు చెప్పును. దీనికి కారణము లేకపోలేదు. ఏడుకును రెండుకును దూరము ఐదు. కనుక రెండును కలిసి ఏ వరుసలోను ఇమడవు. ఒకే జాతివి కావు. రెండును చిన్నవి. ఇక వేర్వేరు జాతుల మూడు, రెండు చూడుడు. ఇవి ఇంకను చిన్నవైనను, ఆసు నుండి ఐదు వరకు గల వరుసలోను, రెండు నుండి ఆరు వరకు గల వరుసలోను ఇముడును. పదిమంది ఆడునప్పుడు గెలుపునకు పెద్ద కలయిక కావలెను. అప్పుడు వరుస కుదురు అవకాశమునకు విలువ ఎక్కువ. కాని ఎదుటివాడు ఒక్కడే అయినచో చాలసార్లు పెద్ద ముక్కయే గెలిపించును. ఏ ముక్కలో తెలియని ఒక్క ప్రత్యర్థితో చివరివరకు పోల్చినచో ఏడు, రెండు పట్టినవాని గెలుపు వాటా నూటికి సుమారు 35. మూడు, రెండు పట్టినవానిది సుమారు 32. అనగా ఇద్దరి ఆటలో అధమమైనది మూడు, రెండు; ఏడు, రెండు కాదు. (రెండు ఆసులకు ఇదే లెక్కలో 85 వచ్చును.) పోటీదారుల సంఖ్య మారగానే వరుసక్రమమే మారుచున్నది. ఉష్ణోగ్రత చెప్పక నీటి స్థితిని చెప్పుట ఎట్టిదో, ఎందరితో ఆటయో చెప్పక చేతి బలమును చెప్పుట అట్టిది.

రెండవ లోపము: నడిమి చేతులనుగూర్చిన మౌనము. ఏడు, రెండు వచ్చినప్పుడు కొత్తవాడైనను పారవేయును. అతనిని ముంచునది ఆసు, ఏడు వంటి చేయి. ఆసును చూచి విడువలేడు. మన చేతిలో ఒక ఆసు ఉన్నది. మిగిలిన 50 ముక్కలలో మూడు ఆసులు ఉన్నవి. ఎదుట ఒక్కడే ఉన్నచో అతని రెండు ముక్కలలో ఆసు ఉండు సంభావ్యత నూటికి 11.8. నలుగురున్నచో వారిలో ఎవరివద్దనైన ఆసు ఉండు సంభావ్యత 41.4. తొమ్మండుగురున్నచో 74.7. ఈ చివరి లెక్కను విద్యార్థులు స్వయముగా చేయవచ్చును. తొమ్మండుగురివద్ద 18 ముక్కలు పోగా మిగిలినవి 32. మూడు ఆసులును ఆ 32లోనే ఉండు సంభావ్యత (32 × 31 × 30) ÷ (50 × 49 × 48) = 0.253. దీనిని 1 నుండి తీసివేయగా 0.747 వచ్చును.

రెండవ ఆసు పట్టినవాని పక్కముక్క మన ఏడుకంటె చిన్నది కూడ కావచ్చును. కాని పెద్ద పందెము కట్టి నిలిచినవాని పక్కముక్క తరచుగా పెద్దదే. ఆసు, రాజు పట్టినవానితో ఆసు, ఏడు పట్టినవాడు తలపడినచో దాదాపు నాలుగింట మూడు వంతుల వాటా మొదటివానిదే. బల్లమీద ఆసు పడినచో మనవాడు సంతోషించి మరింత పందెము కట్టును. గెలిచినప్పుడు కొంచెము, ఓడినప్పుడు చాల. అదే ఆసు, ఏడు ఇద్దరి ఆటలో మంచి చేయి. పదిమందిలో మొదట నోరు విప్పవలసినవానికి విడిచిపెట్టదగిన చేయి. రెండు రంగుల పట్టికలో ఈ భేదమునకు చోటెక్కడ?

మూడవ లోపము మిక్కిలి ముఖ్యమైనది. తరగతిలో ఈ విషయము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి ఇట్లడిగినాడు: “సార్, కుప్పలో 100 చింతగింజలున్నవి. ఎదుటివాడు తన దగ్గర మిగిలిన 50 గింజలును పందెము కట్టినాడు. నేను 50 వేసినచో కుప్ప 200 అగును. 200లో 50 అనగా నాలుగవ వంతు. నా గెలుపు వాటా నూటికి 25 దాటినచో నాకు లాభమే కదా. ఏడు, రెండునకు 35 వచ్చునని మీరే చెప్పినారు. మరి ఎందుకు పారవేయవలెను?”

ప్రశ్న చాల చక్కనిది. పందెపు ధరను లెక్కించిన పద్ధతి పూర్తిగా సరియైనది. తప్పు 35 అను సంఖ్యలో ఉన్నది. అది ఏ ముక్కలో తెలియని ప్రత్యర్థిపై లెక్కించినది. కాని ఇక్కడి ప్రత్యర్థి పందెము కట్టినాడు. ఆ పనియే మనకొక సమాచారము. ఉదాహరణకు అతడు ఎనిమిదుల జంటనుండి ఆసుల జంటవరకు, లేక ఆసుతో రాజో రాణియో వచ్చినప్పుడు మాత్రమే ఇట్టి పందెము కట్టువాడు అనుకొందము. జంటలు ఏడు రకములు, ఒక్కొక్కటి 6 విధములు, మొత్తము 42. ఆసు–రాజు 16, ఆసు–రాణి 16, మొత్తము 32. అన్నియు కలిసి 74. జంటలపై మన ఏడు, రెండు గెలుపు వాటా నూటికి సుమారు 12. జంట కానివానిపై సుమారు 32. సగటు తీసినచో (42 × 12 + 32 × 32) ÷ 74, అనగా సుమారు 21. మనకు కావలసినది 25. కనుక విడిచిపెట్టుటయే సరి.

పందెమునకు ముందు 35, పందెమునకు తరువాత 21. ముక్కలు మారలేదు, మనకు తెలిసిన సంగతి మారినది. గణితములో దీనినే నియత సంభావ్యత అందురు. ఒక ఘటన జరిగినదని తెలిసిన పిమ్మట మరొక ఘటన సంభావ్యతను తిరిగి లెక్కించవలెను అనునది దీని సారాంశము. వైద్యుడు రక్తపరీక్ష ఫలితము చూచి రోగ సంభావ్యతను సవరించుకొనుటయు, వాతావరణ శాస్త్రజ్ఞుడు వాయుపీడనము చూచి వర్ష సూచనను మార్చుటయు ఇదియే. పట్టికను కంఠస్థము చేసినవాడు ఈ సవరణ చేయడు. ఏ ప్రత్యర్థి ఏ చేతులతో పందెము కట్టును అను ప్రశ్న అతని మనసునకే రాదు. విద్యాబోధన దృష్టితో చూచినచో పట్టిక చేయు పెద్ద అపకారము ఇదియే. అది జవాబును ఇచ్చి ప్రశ్నను దాచును.

నాలుగవ లోపము: బలమును ఒకే మెట్లవరుసగా భావించుట. పైమెట్టువానిని ఆడుము, కిందిమెట్టువానిని పారవేయుము అనునది పట్టిక తర్కము. జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో క్రీడా సిద్ధాంతమునకు పునాది వేసి, 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వ్రాసిన మహాగ్రంథములో పోకరునకు ఒక అధ్యాయమును కేటాయించినాడు. అందు తేలిన ఫలితము ఈ తర్కమునకు విరుద్ధము. దానిని సులభము చేసి చెప్పుదును.

ఇద్దరు చెరియొక గింజ వేసి, 1 నుండి 900 వరకు గల అంకెల చీట్లలో ఒక్కొక్కటి తీయుదురు. ఇద్దరికి వేర్వేరు చీట్ల డబ్బాలు. పెద్ద అంకె గెలుచును. మొదటివాడు ఊరకుండవచ్చును, లేక మరి 2 గింజలు పందెము కట్టవచ్చును. ఊరకున్నచో వెంటనే చీట్లు చూపవలెను. పందెము కట్టినచో రెండవవాడు తానును 2 వేయవలెను, లేక తప్పుకొనవలెను. ఉత్తమ విధానము ఇట్లు వచ్చును: మొదటివాడు 700 దాటిన అంకెలతోను, 100 లోపు అంకెలతోను పందెము కట్టవలెను. నడుమనున్నవానితో ఊరకుండవలెను. రెండవవాడు 500 లోపు అంకెలను పారవేసి, పైవానితో నిలువవలెను.

అత్యల్పమైన అంకెతో పందెమా? లెక్క చూడుడు. అంకె 1 వచ్చినవాడు ఊరకున్నచో ఎన్నడును గెలువడు. బుకాయించినచో రెండవవాడు 900లో 500 సార్లు తప్పుకొనును. ప్రతిసారి 2 గింజల కుప్ప వచ్చును, మొత్తము 1000. 400 సార్లు అతడు నిలువగా 2 చొప్పున 800 పోవును. మిగులు 200. అంకె 400 వచ్చినవాడు బుకాయించినను అదే 200. కాని ఊరకున్నచో తనకంటె చిన్న అంకెలన్నిటిపై గెలిచి దాదాపు 800 పొందును. కనుక నడిమి చీటీకి తన సొంత విలువ ఉన్నది; బుకాయింపునకు దానిని ఖర్చుచేయరాదు. అధమమైన చీటీకి పోగొట్టుకొనుటకు ఏమియు లేదు. అంకె 100 వద్ద రెండు లెక్కలును సమానమగును. హద్దు అక్కడ పడుటకు కారణము ఇదియే. రెండవవాని పక్షమునుండి కూడ సరిచూడవచ్చును. అతనికి 600 వచ్చినదనుకొందము. పందెము కట్టినవాడు 100 అంకెలతో బుకాయించుచు, 200 అంకెలతో నిజము పలుకుచున్నాడు. నిలిచినచో 100 సార్లు 4 చొప్పున వచ్చును, 200 సార్లు 2 చొప్పున పోవును. రెండును 400. సరితూగినది.

దీనినుండి బలహీనమైన చేతులతో విచ్చలవిడిగా పందెము కట్టుమని అర్థము తీయరాదు. తొమ్మిదింట ఒక వంతు మాత్రమే బుకాయింపు. పైగా ఎదుటివాడు పందెము కట్టినప్పుడు చిన్న అంకె పారవేయవలసినదే. తాను మొదలుపెట్టుట వేరు, ఒకడు కట్టిన పందెమునకు బదులు చెప్పుట వేరు. పట్టిక ఈ రెండింటిని ఒకే గడిలో వేయుచున్నది.

ఈ సిద్ధాంతము కాగితముమీదనే నిలిచిపోలేదు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, మైకేల్ బౌలింగు నాయకత్వమున, ఇద్దరు ఆడు పరిమిత పందెపు హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా సాధించినట్లు 2015లో “సైన్స్” పత్రికలో ప్రకటించిరి. 4800 ప్రాసెసర్లు 68 దినములు పనిచేయగా ఆ ఫలితము వచ్చినది. దానిప్రకారము పంచువాని స్థానమున ఉన్నవానికి ప్రతి ఆటయందును పెద్ద పందెములో సుమారు 0.088 వంతు లాభమున్నది. ముక్కల బలముతో సంబంధము లేకుండ, కూర్చున్న చోటునకే ఒక ధర ఉన్నదన్నమాట. వేర్వేరు జాతుల నాలుగు, ఆరు వంటి చేతిని కూడ పంచనివాడు ఆడవచ్చునని ఆ యంత్రము తేల్చినది. అనుభవశాలురు పలువురు పారవేయు చేయి అది. అయితే ఇది ఇద్దరి ఆటకు వచ్చిన జవాబు. పదిమంది బల్లకు దీనిని ఎత్తి పెట్టుకొనినచో మనము విమర్శించిన తప్పునే తిరిగి చేసినవారమగుదుము.

పట్టికకు ఎదురుగా మరొక గుడ్డినమ్మకము ఉన్నది. దానిని కూడ విడువరాదు. డాయిల్ బ్రన్సన్ అను ఆటగాడు లాస్ వేగాస్‌లోని ప్రపంచ పోటీని 1976లోను, 1977లోను గెలిచినాడు. రెండు సంవత్సరములలోను చివరి ఆటలో అతని చేతిలోనున్నవి పది, రెండు. పట్టికలో ఆ చేతికి స్థానము లేదు. నాటినుండి ఆ చేతికి అతని పేరే వచ్చినది. “చూడుడు, పట్టికలు వట్టివి” అని దీనిని చూపువారున్నారు. కాని పది, రెండు పట్టి ఓడినవారి పేర్లు ఎవరు వ్రాసి పెట్టినారు? గెలిచినది కథ అగును, ఓడినది ఎవరికిని గుర్తుండదు. మిగిలినవానిని మాత్రమే లెక్కించు ఈ పొరపాటు పరీక్షల చిట్కాలలోను, నాటుమందుల కీర్తిలోను మనకు నిత్యము కనిపించును.

ఇక చివరి మాట. ఎప్పుడు ముక్కలు పారవేయవలెనో చెప్పు పట్టిక, బల్లవద్ద అసలు కూర్చుండవలెనా అను ప్రశ్నను ఎన్నడును ఎత్తదు. పదిమంది తలా 100 గింజలతో కూర్చుండి, ఆట నడుపువాడు ప్రతి కుప్పనుండి 2 గింజలు తీసుకొనుచున్నాడు అనుకొందము. 250 ఆటలు పూర్తియగునప్పటికి 500 గింజలు అతని సంచిలో చేరును. పదిమందివద్ద మొత్తము సగమే మిగులును. అందరును నిపుణులైనను ఈ కూడిక మారదు. 1967లో సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యములో రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పినది. నైపుణ్యమున్నదనుట వేరు, ఆడినవారికందరికి లాభమున్నదనుట వేరు. ఈ రెండింటిని కలిపి చెప్పు ప్రకటనలకు యువకులు లోబడి కుటుంబములు చితికిన పిమ్మట తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను గేమింగు చట్టములను సవరించి, ధనముతో ఆడు అంతర్జాల క్రీడలను నిషేధించిరి. 2025లో పార్లమెంటు కూడ దేశమంతటికి అట్టి చట్టము చేసినది. చట్టము వద్దన్నదానిని గణితము ముందే వద్దన్నదని విద్యార్థికి తెలియుట మంచిది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఒక పేక, కొన్ని చింతగింజలు చాలును, పైస అక్కరలేదు. పదిమంది విద్యార్థులకు రెండేసి ముక్కలు పంచి, ముందుగా నిర్ణయించుకొన్న ఒక విద్యార్థికి సరిగా ఒక్క ఆసు వచ్చిన సందర్భములలో, మిగిలిన తొమ్మండుగురిలో ఎవరికైన ఆసు ఉన్నదా అని గుర్తు పెట్టుడు. అట్టి సందర్భములు వంద పూర్తియగువరకు పలు తరగతులు పంచుకొని చేయవచ్చును. వచ్చిన సంఖ్యను 74.7తో పోల్చుడు. తరువాత ఏడు, రెండు ప్రశ్నను అడుగుడు: “35 నుండి 21కి ఎందుకు తగ్గినది?” ఈ ప్రశ్నకు స్వయముగా జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఆ పట్టికతో పనియుండదు. జవాబు చెప్పలేనివానికి పట్టిక చేతిలో ఉన్నను ప్రయోజనము లేదు.